దుంగ ఖరీదులో కొండ వాటా ఎంత?

చిత్తూరు, తిరుపతి, కడప, నెల్లూరు జిల్లాల్లోని 48 గ్రామాల్లో ఎర్రచందనం పెంచిన 198 మంది రైతులకు 3 కోట్ల రూపాయలు ఇస్తున్నట్టు 2025లో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ప్రకటించింది. జిల్లా పేజీలో ఓ మూల వార్తగా వచ్చి పోయింది. తలసరి లెక్క వేస్తే లక్షన్నర చిల్లర. చెట్టు అమ్మిన ధర రైతుకు అంతకుముందే ముట్టింది, ఇది దాని మీద వచ్చిన సొమ్ము. ఈ నేల మీద తప్ప ప్రపంచంలో ఎక్కడా సహజంగా పెరగని ఒక జాతిని వాడుకుని ఎవరో లాభపడుతున్నారు కాబట్టి, ఆ లాభంలో కొంత ఆ జాతిని కాపాడినవాళ్లకు రావాలి అనే సూత్రం మీద వచ్చింది.

సూత్రం పాతదే. 1992లో రియోలో కుదిరిన జీవవైవిధ్య ఒప్పందానికి మూడు లక్ష్యాలున్నాయి: కాపాడడం, తరిగిపోకుండా వాడుకోవడం, వచ్చిన లాభాన్ని న్యాయంగా పంచడం. మొదటి రెండింటి మీద మీటింగులు, నివేదికలు లెక్కలేనన్ని వచ్చాయి. మూడోది మాత్రం నత్తనడకే. 2010లో నగోయాలో దానికోసం విడిగా ఒక ప్రోటోకాల్ రాసుకున్నారు, అది 2014 అక్టోబరులో అమల్లోకొచ్చింది. మన దేశం అంతకన్నా ముందే, 2002లో, జీవవైవిధ్య చట్టం చేసింది. మరుసటి ఏడాది చెన్నైలో ప్రాధికార సంస్థ పెట్టారు. ఆ సంస్థ ద్వారా దేశంలో చేతులు మారిన లాభాల వాటాలో పెద్ద ముక్క మన ఎర్రచందనానిదే. రైతులకు వచ్చిన 3 కోట్లు చిన్న మొత్తం. పట్టుబడిన దుంగల అమ్మకాల మీద వచ్చిన వాటాలో 38 కోట్ల 36 లక్షలు రాష్ట్ర అటవీ శాఖకు, కోటీ 48 లక్షలు రాష్ట్ర జీవవైవిధ్య మండలికి విడిగా వెళ్లాయి.

ఈ డబ్బు ఏ దారిన వస్తుందో చూస్తే, ఎవరి దగ్గర ఆగుతుందో, ఎవరి దాకా పోదో అర్థమవుతుంది. జీవవైవిధ్య పరిరక్షణ ఆర్థికశాస్త్రం అంటూ అంతర్జాతీయ సదస్సుల్లో చెప్పే పాఠమంతా శేషాచలం చుట్టూ యాభై కిలోమీటర్లలో దొరుకుతుంది.

ముందు లెక్క. 2025 ఏప్రిల్ దాకా నడిచిన 2014 మార్గదర్శకాల ప్రకారం గంధం, ఎర్రచందనం లాంటి ఖరీదైన జాతులకు వేలం సొమ్ములో లేదా అమ్మకం ధరలో కనీసం 5 శాతం ముందుగానే కట్టాల్సి ఉండేది. కట్టేది కొనేవాడు. ఉదాహరణకు ఒక రైతు రెండు టన్నుల చేవ (చెట్టు లోపలి గట్టి కర్ర) అమ్మాడు, టన్ను 30 లక్షలు అనుకుందాం (ధర లెక్క కోసమే, గ్రేడును బట్టి ఇది ఎటైనా పోతుంది). 60 లక్షల మీద 5 శాతం అంటే 3 లక్షలు. అందులో మళ్లీ 5 శాతం, అంటే 15 వేలు, పరిపాలన ఖర్చుల కింద జాతీయ సంస్థకు, రాష్ట్ర మండలికి పోయేది. మిగిలిన 2 లక్షల 85 వేలు హక్కుదారుడికి. చెట్టు పట్టా భూమిలోది అయితే హక్కుదారుడు రైతు. పట్టుబడిన దుంగ అయితే అటవీ శాఖ.

హక్కుదారుడు ఎవరో తేలడం దగ్గరే అసలు చిక్కంతా. దుంగ ఏ సర్వే నంబరులో పుట్టిందో కాగితం చెప్పగలిగితేనే వాటా ఆ సర్వే నంబరు యజమానిని వెతుక్కుంటూ వస్తుంది. తోట వేసినవాళ్లు, వేయబోతున్నవాళ్లు ఈ వరస గుర్తుంచుకోవాలి.

మొక్క నాటిన ఏడాదే అడంగల్‌లో ఎర్రచందనం తోట అని, ఎన్ని మొక్కలో ఎక్కించుకోవాలి. నాలుగు మీటర్ల ఎడం పెడితే ఎకరాకు 250 మొక్కలు పడతాయి, మూడు మీటర్లు పెడితే 450. పాతికేళ్ల తర్వాత ఎకరాకు ఆరొందల చెట్లున్నాయని దరఖాస్తు పెడితే, అందులో అడవి దుంగలు కలిపే ఉద్దేశం ఉందని రేంజరు అనుమానించడం సహజం. పొలం గట్టు రిజర్వు ఫారెస్టు గట్టుకు ఆనుకుని ఉంటే రెవెన్యూ, అటవీ శాఖల జాయింట్ సర్వే నాటేటప్పుడే చేయించుకోవడం మేలు. చెట్లు పెద్దవై కోట్ల విలువ పలికాక ఆ హద్దు రాళ్ల గొడవ తేలడానికి ఏళ్లు పడుతుంది. ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు, పాస్‌బుక్కు, అడంగల్ మూడింటిలోనూ విస్తీర్ణం, సబ్‌డివిజన్ నంబరు ఒకేలా ఉండాలి.

కోతకు దరఖాస్తు డివిజనల్ అటవీ అధికారి (డీఎఫ్‌ఓ)కి. సిబ్బంది వచ్చి ప్రతి చెట్టుకూ నంబరు వేసి, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత రాసుకుంటారు. కోశాక బెరడు, పైనున్న తెల్ల చెక్క చెక్కేసి చేవ మాత్రమే తూకం వేస్తారు. చెట్టు చూడడానికి ఎంత లావున్నా ధర పలికేది లోపలి ఎర్రటి చేవకే. రాళ్లూ రప్పలూ ఉన్న మెట్ట నేలలో చెట్టు బక్కగా, నిదానంగా పెరిగినా చేవ బాగా పడుతుంది. డ్రిప్పు పెట్టి ఎరువులు దట్టిస్తే లావెక్కుతుంది కానీ అందులో తెల్ల చెక్కే ఎక్కువ. నర్సరీ వాళ్లు చూపించే ‘పదిహేనేళ్లలో కోటి’ బ్రోచర్లు ఈ సంగతి దాటేస్తాయి. నీళ్లు నిలిచే నేల అసలు పనికిరాదు, వేరు కుళ్లుతుంది.

తూకం అయిన దుంగల మీద శాఖ సుత్తి ముద్ర, దుంగల జాబితా, ఆపైన ట్రాన్సిట్ పర్మిట్. 1969 నాటి గంధం, ఎర్రచందనం రవాణా నియమాల కింద ఇది లేకుండా దుంగ పొలం గట్టు దాటకూడదు. ఎగుమతి చేయాలంటే కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం (డీజీఎఫ్‌టీ) లైసెన్సు, అరుదైన జాతుల వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ కింద పర్మిట్ కూడా కావాలి, అవి వ్యాపారి చూసుకుంటాడు. పట్టా భూముల్లో పెంచినదాన్ని ఎగుమతి చేసుకోవచ్చని కేంద్రం 2019లో సడలింపు ఇచ్చింది.

రైతు దెబ్బతినేది మూడు చోట్ల. మొదటిది గంపగుత్త బేరం. తోట మొత్తాన్ని నిలువునా దళారీకి అమ్మేస్తే, పర్మిట్లూ అగ్రిమెంట్లూ వాడి పేరు మీదో, వాడు చెప్పిన వాడి పేరు మీదో నడుస్తాయి. చెన్నైలో ఫైలు తెరిచేసరికి రైతు పేరే కనబడదు. అమ్మకం కాగితంలో సర్వే నంబరు, చెట్ల నంబర్లు, చేవ బరువు, కొన్న ఎగుమతిదారు పేరు, తేదీ, రైతు బ్యాంకు ఖాతా, ఈ ఆరూ ఉండాలి. రెండోది బరువు తేడా. పచ్చి దుంగ ఆరేకొద్దీ తేలికవుతుంది. పొలంలో వేసిన తూకానికీ ఓడరేవు తూకానికీ పొంతన లేకపోతే ఫైలు ఆగిపోతుంది, అందుకే తూకం తేదీ రాయించుకోవాలి. మూడోదే అన్నిటికన్నా ఎక్కువ. నాటినవాడు తండ్రి, కోసేనాటికి పొలం ముగ్గురు కొడుకులది, మ్యుటేషన్ మాత్రం జరగలేదు. పాతికేళ్ల పంటకు ఇది మామూలే. వాటా చనిపోయినాయన పేరు మీద మంజూరైతే వారసత్వ ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ మళ్లీ ప్రదక్షిణలు.

పాతికేళ్ల మాట వచ్చింది కాబట్టి వడ్డీ సంగతి. పరిరక్షణలో ఆర్థికశాస్త్రం చెప్పే అతి ముఖ్యమైన విషయం ఇదే అని నా అభిప్రాయం. పది శాతం వడ్డీ లెక్కన, పాతికేళ్ల తర్వాత వచ్చే లక్ష రూపాయల విలువ ఇవాళ 9,230 రూపాయలు. ముప్పై ఏళ్లయితే 5,730. దొంగతనం భయం, ప్రభుత్వ విధానం మారుతుందన్న అనుమానం కలిపితే ఇంకా తక్కువ. మన దగ్గర చిన్న రైతు బయట తెచ్చే అప్పు పది శాతానికి దొరకదు, నూటికి రెండు, మూడు రూపాయల నెల వడ్డీ. ఆ వడ్డీకి తెచ్చినవాడికి పాతికేళ్ల చెట్టు ఇచ్చే కోటి కూడా ఈ రోజుకు దాదాపు సున్నానే. అందుకే ఎర్రచందనం తోట వేయడం వేరే ఆదాయం ఉన్నవాళ్లకే సులువు. పేదవాడితో నెమ్మదిగా పెరిగే చెట్టు పెంచించాలంటే చివర్లో పెద్ద ధర చూపిస్తే సరిపోదు, మధ్యలో ఏటా ఎంతో కొంత చేతికి రావాలి.

అడవిలోని చెట్టుకూ ఇదే లెక్క, తిరగేసి. కొండ మీద చెట్టు ఎవరి సొంతమూ కానప్పుడు దాన్ని ఇంకో ఇరవై ఏళ్లు ఆపి లాభపడేవాడు లేడు, ఈ రాత్రి నరికినవాడికి కూలి ఈ రాత్రే. జపాన్‌లో షామిసెన్ వాయిద్యం మెడకు, చైనాలో రాచరికపు ఫర్నిచరుకు ఈ కర్రంటే మోజు. అలలు అలలుగా గీతలు తేలిన చేవ ఏ గ్రేడు. అలాంటి చెట్టు నూటికి ఎన్నో ఉండదు, నరికితే గానీ తెలియదు కూడా. కాబట్టి దొంగ నాలుగు చెట్లు చెక్కి చూసి ఒకటి తీసుకుపోతాడు, చెక్కిన మిగతావి నిలబడే ఎండుతాయి. పట్టుబడిన దుంగల లెక్కలో ఈ నష్టం ఎప్పుడూ కనబడదు.

స్మగ్లింగ్ గొలుసులో లాభం పైమెట్టున, ప్రమాదం కింది మెట్టున. కొండెక్కేవాళ్లలో ఎక్కువమంది తమిళనాడు జవ్వాది కొండల వైపు నుంచి వచ్చే గిరిజన కూలీలు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో 20 మంది కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. తిరుపతి కేంద్రంగా టాస్క్‌ఫోర్సు అప్పటికే ఉంది, 2016లో రాష్ట్రం అటవీ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచింది. 2022 సవరణ తర్వాత వన్యప్రాణి చట్టం నాలుగో షెడ్యూల్లోకి కూడా ఎర్రచందనం చేరింది. నేరం ఆగాలంటే శిక్ష ఎంత పెద్దదన్నదానికన్నా పట్టుబడే అవకాశం ఎంతన్నదే ముఖ్యం, పట్టుబడేవాడు ఎవరన్నది ఇంకా ముఖ్యం. కూలీని పట్టుకుంటే మేస్త్రీ రేపు ఇంకొకణ్ని తెస్తాడు. సరుకు కొనే పెట్టుబడిదారుడి ఖాతా స్తంభిస్తేనే గొలుసు తెగుతుంది.

పట్టుబడిన దుంగల్ని వేలం వేయడం మంచిదా చెడ్డదా అన్న వాదన కూడా ఇక్కడిదే. మంచిదనేవాళ్లు చెప్పేది: గోడౌన్లలో వేల టన్నులు పడి ఉన్నాయి, ఎండకూ వానకూ పాడవుతున్నాయి, కాపలా ఖర్చు అదనం. మార్కెట్లో వదిలితే ధర దిగి దొంగకు గిట్టుబాటు తగ్గుతుంది. కాదనేవాళ్లు ఏనుగు దంతాల ఉదాహరణ చూపిస్తారు. 2008లో దక్షిణాఫ్రికా, నమీబియా, బోట్స్వానా, జింబాబ్వేలు కలిసి వంద టన్నుల పైచిలుకు దంతాన్ని చైనా, జపాన్‌లకు చట్టబద్ధంగా అమ్మాయి. ఆ తర్వాతి ఏళ్లలో ఆఫ్రికాలో ఏనుగుల వేట విపరీతంగా పెరిగింది. ఆ అమ్మకమే కారణమా కాదా అని ఆర్థికవేత్తలు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. కానీ ఒక విషయంలో పేచీ లేదు: చట్టబద్ధమైన సరుకు, దొంగ సరుకు చూడ్డానికి ఒకేలా ఉంటే మొదటిది రెండోదానికి ముసుగవుతుంది. మన ఎర్రచందనానికి సైటీస్ రెండో అనుబంధంలో, అంటే పర్మిట్ ఉంటేనే వ్యాపారం చేయగల జాతుల జాబితాలో, 1995 నుంచి చోటుంది, అడవి చెట్టు ఎగుమతికి కోటా సున్నా. 2004 నుంచి ఈ జాతి విషయంలో మన దేశం సైటీస్ వాళ్ల ‘ముఖ్య వ్యాపార సమీక్ష’ అనే ప్రత్యేక పరిశీలన కింద ఉండేది, 2023 నవంబరులో జెనీవా సమావేశంలో తీసేశారు. ఇకపై తోట సరుకు ఎగుమతి పెరుగుతుంది. పెరిగే ప్రతి టన్నుకూ పొలం దాకా వెనక్కి వెళ్లే కాగితం పటిష్ఠంగా లేకపోతే కొండ మీది దుంగ తోట దుంగగా మారువేషం వేస్తుంది. ట్రాన్సిట్ పర్మిట్ తెచ్చుకోవడం రైతుకు చిరాకే, నిజమే. ఆ చిరాకే అతని ధరకు కాపలా కూడా.

ఇప్పుడు ఆ 38 కోట్ల సంగతి. అటవీ శాఖ ఆ సొమ్ముతో నర్సరీలు, గస్తీ, నిఘా చేస్తుంది, చేయాలి కూడా. కానీ కొండ అంచున ఉన్న పంచాయతీలో మేతకు మేకల్ని తోలొద్దని, కట్టె తేవద్దని ఆగినవాడు, రాత్రి లారీ కదిలితే గార్డుకు ఫోన్ చేసినవాడు, వీళ్లెవరూ హక్కుదారుల జాబితాలో లేరు. చట్టంలో వీళ్లకు చోటు ఉంది. దాని పేరు జీవవైవిధ్య యాజమాన్య కమిటీ. 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థా ఒక కమిటీ వేయాలి, ఆ కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారు చేయాలి. తన పరిధిలోంచి వ్యాపారానికి మూలికో, బంకో, కాయో సేకరించేవాడి దగ్గర సేకరణ రుసుము వసూలు చేసే అధికారం కూడా ఆ కమిటీకి ఉంది.

మరి ఎక్కడ ఉన్నాయి ఈ కమిటీలు? కాగితం మీద దేశమంతా ఉన్నాయి, 2.7 లక్షలకు పైగా. 2020 జనవరి 31లోగా పూర్తి చేయకపోతే నెలకు 10 లక్షలు కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్రాలకు గడువు పెట్టింది. జరిమానా భయానికి కమిటీలు, రిజిస్టర్లు కుప్పలు తెప్పలుగా పుట్టాయి. అలా పుట్టిన రిజిస్టర్లు చాలావరకు ఒకదానికొకటి నకళ్లు: వేప, తులసి, మర్రి, రావి, ఆవు, కాకి. అలాంటి రిజిస్టరు పట్టుకుని ఏ కంపెనీని వాటా అడగలేం, వేప ఎక్కడైనా ఉంటుంది కాబట్టి.

శేషాచలం అంచు పంచాయతీ రిజిస్టరులో ఉండాల్సినవి వేరు. 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించిన ఈ 4,756 చదరపు కిలోమీటర్లలో కొండ గుగ్గిలం, తంబ జాలారి, తెల్ల కరక, కొండ కొత్తిమీర, పేరిత ఉన్నాయి. చాలావరకు ఈ కొండలకూ వీటి చుట్టుపక్కల తూర్పు కనుమలకే పరిమితమైన మొక్కలు. పేరిత అంటే సైకాస్ బెడ్డోమీ, దానికి సైటీస్ మొదటి అనుబంధంలో చోటు, అంటే అడవిదానితో అంతర్జాతీయ వ్యాపారమే నిషేధం. ఇలాంటి ఒక్కో జాతికి రాయాల్సినవి: స్థానికంగా పిలిచే పేరు, ఏ వాగు వెంట ఏ ఎత్తులో, ఏ నెలలో పూత కాయ, ఎవరు సేకరిస్తారు, ఏటా సుమారు ఎన్ని కిలోలు, కిలో ఎంతకు ఏ ఊరి వ్యాపారికి, ఐదేళ్ల కిందటితో పోలిస్తే ఎక్కువా తక్కువా. చివరి మూడు గళ్లు దాదాపు ఎక్కడా నింపరు. రుసుము లెక్కకు కావాల్సింది మాత్రం ఆ మూడే.

గుగ్గిలాన్నే తీసుకోండి. చెట్టుకు గాటు పెడితే బంక కారుతుంది. గాటు బెరడు వరకే ఉండి, కాండం చుట్టూ కాకుండా ఒక పక్కనే ఉండి, మానడానికి వ్యవధి ఇస్తే చెట్టు ఏళ్ల తరబడి ఇస్తుంది. గొడ్డలితో లోతుగా నరికినా, చుట్టూ గాట్లు పెట్టినా, గాయంలోంచి పురుగూ నిప్పూ చొరబడి చెట్టు పడిపోతుంది. మానే వ్యవధి ఇవ్వాలంటే సేకరించేవాడు వచ్చే ఏడాది కూడా ఆ చెట్టు తనదే అన్న నమ్మకంతో ఉండాలి. ఫలానా వాగు ఫలానా కుటుంబానిది అని కమిటీ రాసిచ్చి, కొనే వ్యాపారి దగ్గర కిలోకు ఇంత అని రుసుము తీసుకుంటే ఆ నమ్మకానికి పునాది పడుతుంది. అభయారణ్యం లోపల ఇది కుదరదు, బయటి అడవుల్లోనే. కమిటీ పేరు మీద బ్యాంకు ఖాతా, స్థానిక జీవవైవిధ్య నిధి అన్న పద్దు, రసీదు పుస్తకం ఉండాలి. ఖాతా లేని కమిటీకి చెన్నై నుంచి డబ్బు పంపాలన్నా దారి లేదు.

2023లో చట్టాన్ని సవరించారు. జైలు శిక్ష తీసేసి లక్ష నుంచి 50 లక్షల దాకా జరిమానా పెట్టారు. సాగు చేసిన ఔషధ మొక్కలకు, గ్రంథస్థమైన సంప్రదాయ విజ్ఞానానికి మినహాయింపు ఇచ్చారు. స్వదేశీ కంపెనీలు కూడా వాటా ఇవ్వాల్సిందేనని 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు దివ్య ఫార్మసీ కేసులో తీర్పిచ్చింది, ఈ మినహాయింపులతో ఆ తీర్పుకు కోరలు కొంత ఊడాయి. 2025 ఏప్రిల్ నిబంధనల్లో వార్షిక టర్నోవరు 5 కోట్ల లోపు ఉంటే వాటా లేదు, 50 కోట్ల దాకా 0.2 శాతం, 250 కోట్ల దాకా 0.4, ఆపైన 0.6. చిన్న వ్యాపారిని వదిలేయడం సబబే. సాగు మొక్కకు మినహాయింపు దగ్గరే నాకు అనుమానం. ఎర్రచందనంలో తోట సరుకుకు అన్ని ముద్రలుంటేనే తేడా తెలుస్తోంది. ముద్ర వేయడానికి వీల్లేని ఎండు వేరుకు, కాయ పొడికి ‘సాగుదే’ అన్న ఒక్క ధ్రువపత్రం చాలంటే, అడవిలోంచి వచ్చేదంతా సాగుదైపోతుంది.

అంతర్జాతీయ స్థాయిలో లెక్క ఇంకా పెద్దది. 2022 డిసెంబరులో జీవవైవిధ్యం మీద కుదిరిన కున్మింగ్-మాంట్రియల్ ఒప్పందం 23 లక్ష్యాలు పెట్టింది. 2030 నాటికి ఏటా 20 వేల కోట్ల డాలర్లు సమకూర్చాలి, అందులో సంపన్న దేశాల నుంచి వర్ధమాన దేశాలకు 2025కల్లా ఏటా 2 వేల కోట్లు, 2030కల్లా 3 వేల కోట్లు. వీటికన్నా నాకు ఆసక్తి కలిగించేది 18వ లక్ష్యం: ప్రకృతికి హాని చేసే సబ్సిడీలను ఏటా కనీసం 50 వేల కోట్ల డాలర్ల మేర తగ్గించాలి. కాపాడడానికి పెట్టే ఖర్చు కంటే చెడగొట్టడానికి ఇచ్చే రాయితీలే ఎక్కువని ఒప్పుకున్నట్టే కదా. 2024లో కొలంబియాలోని కాలి నగరంలో ఇంకో అడుగు వేశారు. జన్యు క్రమాలను కంప్యూటర్లో చూసి ఉత్పత్తులు చేసే కంపెనీలు లాభంలో 1 శాతమో, రాబడిలో 0.1 శాతమో కాలి నిధికి ఇవ్వాలని, అందులో కనీసం సగం ఆదివాసులకు, స్థానిక సముదాయాలకు చేరాలని తీర్మానించారు. ఇవ్వడం స్వచ్ఛందం. ఎర్రచందనానికి దీంతో పెద్ద సంబంధం లేదు, షామిసెన్ మెడ జన్యు క్రమంతో తయారు కాదు. మూలిక సంగతి వేరు. అందులో పనిచేసే పదార్థాన్ని తయారుచేసే జన్యువు తెలిస్తే ల్యాబులో ఈస్టుతో చేయించుకోవచ్చు, కొండ దాకా ఎవరూ రానక్కర్లేదు, కమిటీకి రుసుమూ రాదు.

సబ్సిడీ ముక్క మన చిత్తూరు జిల్లాకు ఎలా తగులుతుందో పలమనేరు వైపు చూస్తే తెలుస్తుంది. 1980లలో ఏనుగులు తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఇటు దిగాయి. 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్లతో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు. ఎండాకాలంలో ఎండిపోయే అడవి అది. దాని అంచునే వెయ్యి అడుగుల బోర్లు, 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు, ఆ నీటితో చెరకు, అరటి. అడవిలో నీళ్లు లేని నెలల్లో అంచున పచ్చగా తియ్యగా ఉంటే ఏనుగు ఎటు పోతుంది? కరెంటు తీసేయమని నేననను, ఆ రైతు బతుకు దాని మీదే ఉంది. కానీ అంచు గ్రామాల్లో ఏనుగు పెద్దగా ఇష్టపడని పంటకు, ఉదాహరణకు మిరపకు, మారేవాడికి అదే సొమ్ములోంచి ఎకరాకు ఇంత అని ఇస్తే ఒకే రూపాయి రెండు పనులు చేస్తుంది.

ప్రస్తుతం డబ్బు కంచెల మీదికి పోతోంది. సోలార్ కంచెలో 12 వోల్టుల బ్యాటరీ, సెకనుకొకసారి కొన్ని వేల వోల్టుల చిన్న దెబ్బ కొట్టే ఎనర్జైజరు ఉంటాయి. చంపదు, భయపెడుతుంది. వానాకాలంలో తీగ కింద గడ్డి పెరిగి తగిలితే కరెంటు నేలలోకి కారిపోతుంది, దెబ్బలో పస ఉండదు. దాన్ని ఏనుగు రెండు రోజుల్లో కనిపెడుతుంది. దంతానికి షాకు కొట్టదు, దంతంతో తీగ లాగుతుంది, లేదా ఎండు చెట్టును తోసి కంచె మీద పడేస్తుంది. పదిహేను రోజులకోసారి గడ్డి కోసే మనిషికి జీతం బడ్జెట్లో లేకపోతే కంచె ఒక్క సీజను కంటే నిలవదు. కందకాలు వాగు దాటే చోట పూడిపోతాయి, బండరాయి తగిలిన చోట తవ్వకుండా వదిలేస్తారు, ఏనుగు సరిగ్గా అక్కడే దాటుతుంది. విసిగిపోయి మెయిన్ లైను నుంచి నేరుగా తీగకు కరెంటు పెడితే చచ్చేది ఏనుగే కాదు, తెల్లారి నీళ్లు కట్టడానికి వెళ్లిన పక్క పొలం రైతు కూడా. 2025 మేలో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులు (అడవి ఏనుగుల్ని తోలడానికి శిక్షణ ఇచ్చినవి) వచ్చాయి, ముసలిమడుగులో శిబిరం పెట్టారు. మందను వెనక్కి తోలడానికి అవి పనికొస్తాయి, మందను అక్కడే ఆపలేవు.

మనిషి చనిపోతే కేంద్రం పథకాల కింద ఇచ్చే పరిహారం 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. పంట నష్టానికి అంత స్పష్టత లేదు. ఏనుగు తొక్కిన పొద్దునే ఫోటోలు తీయాలి, లొకేషన్, తేదీ కనబడేలా. అడుగుజాడ పక్కన చెప్పో, స్కేలో పెట్టి ఒకటి, చేను మొత్తం కనబడేలా ఒకటి. బీట్ ఆఫీసరు, వ్యవసాయ సహాయకుడు, వీఆర్వో ముగ్గురూ సంతకం చేసిన పంచనామా కావాలి, ముగ్గురూ ఒకే రోజు రావడమే కష్టం. కౌలు రైతుకు ఇంకో అడ్డంకి ఉంది. పాస్‌బుక్కు యజమానిది కాబట్టి పరిహారమూ యజమాని ఖాతాలోకే పోతుంది. సాగుదారు కార్డు ఉన్నవాళ్లు దాని నకలు పంచనామాకు జతచేసి, నష్టపోయిన పంట సాగుదారుదని అందులోనే రాయించుకోవాలి. తర్వాత రాయిస్తామంటే ఒప్పుకోరు.